జీలాండ్ ఓడల తాళ్లు

సూరత్‌లోనే పుట్టి పెరిగినా నేను సముద్రాన్ని చూసింది తక్కువ. మేముండే బమ్రోలి నుంచి డుమస్ తీరం మరీ దూరమేమీ కాదు. అయినా అక్కడికి వెళ్లింది ఏడెనిమిది సార్లకు మించి ఉండదు. నల్లటి ఇసుక, మొక్కజొన్న పొత్తులు, దూరంగా హజీరా వైపు కదిలే సరుకు ఓడలు. అవి ఓడల్లా కాక నీళ్ల మీద పెట్టిన గోడౌన్లలా ఉంటాయి. తెరచాపలున్న ఓడను నేను కళ్లతో చూడలేదు. అలాంటి నాకు నాలుగు పాత యుద్ధనౌకల్ని బట్ట మీదకు దించే పని వచ్చింది.

నేను జాకార్డ్ డిజైనర్ని. బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకుని, ఏ చోట ఏ దారం పైకి లేవాలో, ఏది కిందికి పోవాలో గడి గడికీ నిర్ణయించడం నా పని. పదహారేళ్లుగా ఒకే కార్ఖానాలో చేస్తున్నాను. ఎక్కువగా పరదాలు, సోఫా బట్టలు. పూలు, తీగలు, నెమళ్లు వేసీ వేసీ చెయ్యి అలవాటు పడిపోయింది.

ఒక రోజు మా శేఠ్ కొన్ని కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సిరాతో గీసిన పాత బొమ్మల నకళ్లు అవి. ఒక్కో కాగితం మీద ఒక్కో ఓడ. పక్కల వరసగా ఫిరంగుల కిటికీలు, ముందు ముక్కు మీద సింహం, వెనక ఎత్తయిన చెక్క గోడ, ఆ గోడ నిండా చెక్కడాలు. పైన తెరచాపలు, వాటి చుట్టూ సాలెగూడులా తాళ్లు.

"హాలండ్ నుంచి ఆర్డర్, బెన్," అన్నాడు శేఠ్ హిందీలో. ఆడవాళ్లను ఇక్కడ బెన్ అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు. "అక్కడ జీలాండ్ అని ఒక ప్రాంతం. ఒక చిన్న ఊళ్లో టౌన్ హాలు గోడలకు నాలుగు బట్టలు కావాలట. ఒక్కోటి మనిషి ఎత్తు. ఇది బాగా కుదిరితే ఇంకా వస్తాయి."

ఇంతకంటే అతనికీ ఏమీ తెలియదు. కాగితాల వెంట వచ్చిన ఒక చిన్న వివరణను నేనే చదువుకున్నాను. పదిహేడో శతాబ్దంలో వాళ్ల దేశానికి ఒకే నౌకాదళం ఉండేది కాదు, అయిదు ఉండేవి. వాటిలో ఒకటి జీలాండ్ వాళ్లది. తమ ఓడలు తామే కట్టించుకుని, తమ ఊళ్ల పేర్లు వాటికి పెట్టుకునేవారు. ఓడ వెనక గోడ మీద తమ రాష్ట్రం గుర్తు చెక్కించేవారు. నీళ్లలోంచి సగం పైకి లేచిన సింహం ఆ గుర్తు. న్యూజీలాండ్‌కు ఆ పేరు ఈ జీలాండ్ నుంచే వచ్చిందని కూడా అప్పుడే తెలిసింది.

సింహం తేలిగ్గానే వచ్చింది. సింహాలు నాకు అలవాటే. ఫిరంగుల కిటికీలు అంతకంటే తేలిక. చిక్కంతా తాళ్లతోనే. బట్ట మీద నిలువు గీత కావాలంటే పడుగు దారం ఉంది, అడ్డగీత కావాలంటే పేక దారం ఉంది. ఏటవాలు గీత మాత్రం మెట్లు మెట్లుగా విరిగి వస్తుంది. ఓడ మీద తాళ్లన్నీ ఏటవాలే. మొదటి ఓడను వారం రోజులు ప్రయత్నించి, చివరికి సగానికి పైగా తాళ్లు తీసేశాను. కంటికి ఇంపుగా ఉన్నవి ఉంచాను. మిగిలినవి ఎక్కడ గజిబిజిగా అనిపిస్తే అక్కడ తెంపేశాను.

ఇంకో మార్పు కూడా చేశాను. బొమ్మలో తెరచాపలు కట్టే నిలువు కొయ్యల చివర ఉన్న జెండాలు ఓడ ముందువైపుకి ఎగురుతున్నాయి. నాకది గీసినవాడి పొరపాటు అనిపించింది. స్కూటర్ మీద పోతుంటే నా చున్నీ వెనక్కే కదా ఎగిరేది. జెండాలన్నీ వెనక్కి తిప్పేశాను. శేఠ్‌కు అది బాగా నచ్చింది. ఓడ వేగంగా పోతున్నట్టు ఉందన్నాడు.

ఆ ఆదివారం, ఓడ బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు తీసి ఇంటికి తెచ్చాను. రంగులు కాస్త దూరం నుంచి చూద్దామని ముందుగదిలో గోడకు అంటించాను. బాపు, అంటే మా నాన్న, టీ తాగుతూ దాని ముందుకొచ్చి నిలబడ్డాడు.

బాపు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన కరీంనగర్ వైపు ఊళ్లో చేతిమగ్గం మీద పని నేర్చుకుని, పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చాడు. మొదట సాంచాలు నడిపాడు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మావాళ్లు సాంచ అనే అంటారు. తర్వాత జాకార్డ్ మగ్గాలకు తాళ్లు కట్టే పనిలో స్థిరపడ్డాడు. జాకార్డ్ మగ్గంలో పైనున్న ఒక్కో కొక్కెం నుంచి ఒక్కో తాడు కిందికి దిగి, ఒక్కో పడుగు దారాన్ని పట్టుకుంటుంది. అలాంటివి వేలు. అవన్నీ ఒకే బిగువులో, ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్కటి వదులైతే బట్ట మీద మొదటి నుంచి చివరిదాకా ఒక తప్పు గీత పడుతుంది. బాపు ఇరవై ఏళ్లకు పైగా ఆ ముళ్లు వేశాడు.

ఆ సాంచాల చప్పుడుకే ఆయన చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు, ఏడాది ఏడాదికీ కొంచెం కొంచెం. నేను కాలేజీ ముగించేనాటికి పక్కన నిలబడి గట్టిగా అరిస్తేనే వినపడేది. ఇప్పుడు అదీ లేదు. చెవి మిషను కొన్నాం గానీ, అందులో మాట కంటే రొద ఎక్కువొస్తుందని తీసి బీరువాలో పెట్టేశాడు. అమ్మ ఆయనతో సైగలతో మాట్లాడుతుంది. నేను నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తాను. ఆయన చదివి నోటితో జవాబు చెప్తాడు. రాయడం శ్రమ కాబట్టి నేను రాసేది చాలా తక్కువ. ఆ నోటుబుక్కు తిరగేస్తే "డాక్టర్ దగ్గరికి రేపు", "మాత్ర వేసుకున్నవా", "నేను ఆలస్యంగా వస్త" అనే మాటలే పేజీల కొద్దీ కనపడతాయి.

బాపు టీ గ్లాసు కిటికీలో పెట్టి ఓడ మీద ఒకచోట వేలు పెట్టాడు.

"గీ తాడు ఏడికి పోతున్నది బిడ్డా?"

నేను దగ్గరికెళ్లి చూశాను. ఆ తాడు కొయ్య పైనుంచి బయల్దేరి తెరచాప పక్కన గాలిలో ఆగిపోయింది. గజిబిజిగా ఉందని నేనే అక్కడ తెంపాను. నోటుబుక్కు తీసి రాశాను: "అది బొమ్మ బాపూ. అందం కోసం."

"బొమ్మైతే ఏంది? తాడంటే రెండు కొసలుంటయి. గీ కొసను దేనికో కట్టిండ్రు. మరి గా కొస ఏది? ఇది చూడు, ఇదీ గంతే. ఇదీ గంతే." ఆయన వేలు ఒక్కో తాడు మీదుగా పోతూ, నేను తెంపిన ప్రతి చోటా ఆగింది. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

నాకు కొంచెం విసుగొచ్చింది. "ఇది మగ్గం కాదు" అని రాశాను. ఆయన చదివి, నా వంక ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని వసారాలోకి వెళ్లిపోయాడు. నేను పెన్ను మూత పెట్టేశాను.

నమూనా నేయించి పంపించాం. మూడు వారాలకు జవాబు వచ్చింది. అది రాసింది ఆ ఊళ్లో టౌన్ హాలు బట్టల సంగతి చూసుకుంటున్న ఒక ముసలాయన. ఇంగ్లిషులో, టైపు చేసిన రెండు పేజీలు. సింహం చాలా బాగుందని మొదలుపెట్టి, వెంటనే అసలు సంగతికి వచ్చాడు. "మీ ఓడలో గాలి రెండు దిక్కుల నుంచి వీస్తోంది," అని రాశాడు. "తెరచాపలకు వెనక నుంచి, జెండాలకు ముందు నుంచి. ఆ కాలపు తెరచాప ఓడ గాలి కంటే వేగంగా పోదు. వెనక నుంచి గాలి వీస్తే జెండాలు ముందుకే ఎగురుతాయి."

ఆ వాక్యం దగ్గర నాకు నా చున్నీ గుర్తొచ్చింది. స్కూటర్‌కు ఇంజను ఉంటుంది. ఓడకు గాలే ఇంజను. అంత చిన్న విషయం నాకు తట్టలేదు.

మిగిలిన ఉత్తరమంతా తాళ్ల గురించే. ఈ తాడు లేకపోతే ముందు కొయ్య వెనక్కి పడిపోతుంది. ఈ రెండూ లేకపోతే తెరచాప కింది మూలలు గాలికి ఎగిరిపోతాయి. ఇది గాలిలో ఆగింది, దీన్ని ఎవరు పట్టుకున్నారు? బాపు వేలు ఆగిన చోట్లే చాలావరకు ఆయన కూడా రాశాడు. చివర ఒక మాట చేర్చాడు: "నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు తాళ్లు పేనిన వాడిని. ఎక్కువ రాసి ఉంటే మన్నించండి."

శేఠ్ ఉత్తరం విని తల పట్టుకున్నాడు. "గోడకు వేలాడదీసే బట్ట అది. దాని మీద ఎక్కి ఎవడైనా సముద్రం మీదికి పోతాడా?" అన్నాడు. కాసేపటికి చల్లబడి, ఒక నెల గడువిచ్చాడు. ఆలోగా మొదటి ఓడ కుదరకపోతే ఆర్డర్ వదిలేద్దామన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఉత్తరంలో ఉన్నదంతా తెలుగులో రాసి బాపుకిచ్చాను. ఒకే విషయం మీద నోటుబుక్కులో మూడు పేజీలు నింపడం అదే మొదటిసారి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. నేను చెప్తే విన్నావా అంటాడేమో అనుకున్నాను. అనలేదు.

"గాయన తాళ్లు పేనేటోడా?" అని మాత్రం అడిగాడు.

అవునన్నట్టు తలూపాను.

"అయితే గాయనకు తెలుస్తది. ఏ తాడు ఏడికి పోతదో అడుగు. ఒక్కొక్కటి అడుగు."

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ముసలాయనతో వీడియోలో మాట్లాడటానికి ఏర్పాటైంది. వాళ్లకు అది పొద్దున్న. నేను ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టేసరికి, బాపు అప్పటికే వంటగదిలోంచి ఎత్తుపీట తెచ్చి తలకిందులుగా పెట్టాడు. దాని మధ్యలో ఒక పరదా రాడ్ నిలబెట్టి, అడ్డంగా వెదురు పుల్ల కట్టాడు. పుల్లకు అమ్మ పాత చీర ముక్క. పక్కన బిస్కెట్ డబ్బా నిండా జాకార్డ్ తాళ్లు. పని మానేసిన రోజున తెచ్చుకున్నవి. ఆ డబ్బా ఇంట్లో ఉందన్న సంగతే నాకు తెలియదు.

"ఇగ ఇదేం ఆట?" అంది అమ్మ నాతో. "ఈయనకు పనిలేదు, నీకు బుద్ధి లేదు." అంటూనే చీర ముక్క అంచు చిరగకుండా మడిచి కుట్టి ఇచ్చింది.

ముసలాయన తెర మీద కనిపించాడు. పొడవాటి మనిషి, ఎర్రటి ముఖం, వెనక గోడ మీద సగం కట్టిన చెక్క ఓడ బొమ్మ. నేను బాపును పరిచయం చేశాను. ఆయనకు వినపడదనీ, జాకార్డ్ తాళ్లు కట్టేవాడనీ చెప్పాను. ముసలాయన కెమెరాకు దగ్గరగా జరిగి, చెయ్యెత్తి నమస్కారం లాంటిదొకటి చేశాడు. బాపు రెండు చేతులూ జోడించాడు. తర్వాత పీట ఓడను ఎత్తి తెరకు చూపించాడు. ముసలాయన నవ్వలేదు. దాన్ని అటు తిప్పమని, ఇటు తిప్పమని సైగ చేసి శ్రద్ధగా చూశాడు.

"కొయ్యను ముందుకి ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు. నేను రాసి చూపించాను. బాపు డబ్బాలోంచి ఒక తాడు తీసి కొయ్య చివర కట్టి, పీట ముందు కాలికి లాగి బిగించాడు. ముసలాయన బొటనవేలు పైకెత్తాడు.

అలా మొదలైంది. ముసలాయన చెప్తాడు, నేను రాస్తాను, బాపు కడతాడు. ఒక గంట గడిచేసరికి నేను రాయడం తగ్గిపోయింది. ముసలాయన తన చెక్క ఓడను దగ్గరికి తెచ్చి వేలితో చూపిస్తే బాపుకు అర్థమైపోతోంది. ఒక చోట మాత్రం పని ఆగింది. తెరచాప కింది మూలకు వేసే ముడి ఒకటుంది. అది బిగిస్తే జారదు, విప్పాలంటే ఒక్క లాగుతో వస్తుంది. ముసలాయన దాన్ని చేసి చూపించబోయాడు. వేళ్లు వంగలేదు. కీళ్లు ఉబ్బి, వేళ్లన్నీ పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. రెండుసార్లు ప్రయత్నించి తాడు బల్ల మీద పెట్టేశాడు.

"నాలుగేళ్లుగా ఇంతే," అన్నాడు నాతో. "ఈ ఓడ కూడా అందుకే సగంలో ఉంది."

బాపు ఆయన వేళ్లను చూశాడు.  తన తాడు తీసుకుని, ముసలాయన మొదలుపెట్టిన తీరులోనే ఒక మెలిక వేసి తెరకు చూపించాడు. ముసలాయన కాదని తలూపాడు. ఇంకో రకంగా వేశాడు. కాదు. మూడోసారి కొసను లోపలి నుంచి తీసి వెనక్కి మడిచాడు. ముసలాయన వాళ్ల భాషలో ఏదో అన్నాడు. తర్వాత ఇంగ్లిషులో, "అదే. సరిగ్గా అదే," అన్నాడు.

"గిది మన దగ్గర గూడ ఉన్నదే," అన్నాడు బాపు నాతో. "తెగిన పోగు అతికేటప్పుడు వేస్తం. జరంత తేడా."

ఆ నెలలో నాలుగు ఆదివారాలు అలా కూర్చున్నాం. పని మధ్యలో మాటలు కూడా దొర్లేవి. సూరత్‌లో కతార్‌గామ్ వైపు పాత డచ్చి సమాధులున్నాయి. గుమ్మటాలతో మసీదుల్లా ఉంటాయి. గుజరాతీలో డచ్చివాళ్లను వలందా అంటారు, మన పాత తెలుగులోనూ వలందావారనే అన్నారు. మీ ఓడలు మా ఊరికి వచ్చాయి కదా అని నేను కొంత గర్వంగానే చెప్పాను. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"మీ ఊరికి వచ్చినవి వ్యాపారుల ఓడలు. ఇవి వేరు. ఇవి అంత దూరం రావు. మా సముద్రం కాపలా కాసేవి. మా ఇంటి ముందున్న నీళ్లలోనే ఇంగ్లిషువాళ్లతో కొట్లాడాయి. ఇక్కడ గట్టు మీద నిలబడితే ఫిరంగులు వినపడేవని మా తాతలు చెప్పేవారు. వాళ్లకు వాళ్ల తాతలు చెప్పి ఉంటారు."

ఇది రాసి చూపిస్తే బాపు ఒక ప్రశ్న అడగమన్నాడు. "ఒక్క దేశానికి అయిదు ఫౌజులెందుకు?"

నేను ఇంగ్లిషులో అడిగాను. ముసలాయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. "ఎందుకంటే ఒకళ్ల మాట ఒకళ్లు వినరు. శత్రువు ఎదురుగా ఉన్నా, ముందు నడిచే అధికారి ఎవరి రాష్ట్రం వాడనే దాని మీద జగడం పడేవారు."

బాపు చదివి గంభీరంగా తలూపాడు. "మన సంఘంల గూడ గంతే. ఒక్క కులానికి మూడు సంఘాలు." దాన్ని తర్జుమా చేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

అసలు చిక్కు విడిపోయింది మూడో ఆదివారం. ఓడ మీద తాళ్లు రెండు రకాలని ముసలాయన చెప్పాడు. కొయ్యల్ని నిలబెట్టే తాళ్లు కదలవు. వాటికి తారు పూస్తారు కాబట్టి నల్లగా, లావుగా ఉంటాయి. తెరచాపల్ని ఎత్తి దించి తిప్పే తాళ్లు కదులుతాయి. అవి సన్నగా, లేత రంగులో ఉంటాయి. ఇది చదవగానే బాపు నోటుబుక్కు మీద చేత్తో కొట్టాడు.

"మరి గిది ముందుగాల చెప్పాలె గదా. సాంచల గూడ గంతే కదా బిడ్డా. కదలని తాడు వేరే, కదిలే తాడు వేరే. నువ్వు అన్నీ ఒక్క తీరుగ గీసినవ్. అందుకే చిక్కు వడ్డది."

నేను మరునాడు కార్ఖానాలో కూర్చుని రెండు రకాలనూ విడదీశాను. కదలని తాళ్లకు నల్ల దారం, కదిలే తాళ్లకు గోధుమ రంగు పేక. గజిబిజి అంతా ఒక్కసారిగా సర్దుకుంది. ఏ తాడూ తెంపాల్సిన పని లేకపోయింది. మెట్లు మెట్లుగా వచ్చే గీత కూడా, రంగు సరిగ్గా ఉంటే కంటికి నునుపుగానే కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. పదహారేళ్ల పనిలో ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బహుశా నేను ఎవరినీ అడగలేదు.

ఒక్క తాడు మీద మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ఓడ వెనకున్న చిన్న కొయ్యకు ఒక వాలు తెరచాప ఉంటుంది. దాని తాడు ఒకటి పాత బొమ్మలోనే ఓడ వెనక గోడ దాటి గాలిలోకి పోయి ఆగింది. అక్కడ బయటికి పొడుచుకొచ్చిన కర్ర ఏదో ఉండాలని, తాడు దానికే కట్టి ఉంటుందని బాపు అన్నాడు. ఆ కాలపు ఓడలకు అక్కడ అలాంటి కర్ర లేదని ముసలాయన అన్నాడు. బాపు పీటకు ఒక చెంచా కట్టి చూపించాడు. ముసలాయన ఒక పుస్తకం తెచ్చి చూపించాడు. ఇద్దరూ తగ్గలేదు. చివరికి పాత బొమ్మలో ఎలా ఉందో అలాగే వదిలేద్దామన్నాను. ఇప్పటికీ ఆ బట్ట మీద ఆ తాడు గాలిలోనే ఉంది.

సరిచేసిన బొమ్మకు ముసలాయన సరేనన్నాక, మొదటి ఓడ మళ్లీ మగ్గం మీదికి ఎక్కే రోజున బాపు వస్తానన్నాడు. పని మానేశాక ఆయన ఏ కార్ఖానాలోనూ అడుగు పెట్టలేదు. నేను శేఠ్‌ను అడిగాను. రమ్మనమన్నాడు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో గడ్డం గీసుకునే చిన్న అద్దం పెట్టుకుని వచ్చాడు. అద్దం ఎందుకో నాకు మగ్గం దగ్గరికి వెళ్లాకే అర్థమైంది. అలాంటి బట్టను తిరగేసి నేస్తారు. పైకి కనపడేది వెనకవైపు. కుడికి పోవాల్సిన ఓడ ఎడమకు తిరిగి ఉంది, సముద్రం తెల్లగా ఉంది, ఆకాశం నల్లగా ఉంది. బాపు మోకాళ్ల మీద కూర్చుని, బట్ట కిందికి అద్దం పెట్టి, లోపలి ముఖాన్ని చూడటం మొదలుపెట్టాడు. అద్దాన్ని అంగుళం అంగుళం జరుపుతూ తాళ్లను లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన పెదవులు కదలడం నాకు కనపడుతోంది. ఆ హాలులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. అక్కడ ఆయన కూడా అందరిలాంటి మనిషే.

కాసేపటికి లేచి, మగ్గం నడిపే మనిషి భుజం తట్టి, పక్కనున్న ఒక దారపు ఉండను చూపించాడు. గోధుమ రంగు పేక కొంచెం ఎక్కువ బిగువుగా వస్తోంది. ఆ మనిషి సరిచేశాడు. బాపు మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నాలుగు ఓడలూ ముగియడానికి మూడు నెలలు పట్టింది. వాటిని పంపించాక ఆదివారాల మాటలు ఆగిపోయాయి. ముసలాయన అప్పుడప్పుడు ఫోటోలు పంపేవాడు. ఒక ఫోటోలో నాలుగు బట్టలూ హాలు గోడకు వరసగా ఉన్నాయి. కింద కుర్చీల్లో ఊరివాళ్లు కాఫీ తాగుతున్నారు. బాపుకు చూపించాను. ఆయన ఓడలను పెద్దగా పట్టించుకోలేదు.

"గా కిటికీ ఏ దిక్కున్నది అడుగు," అన్నాడు. "ఎండ సీదా మీద వడ్డట్టున్నది. గా ఎర్రరంగు రెండేండ్లు ఆగదు."

నేను రాశాను. కిటికీ దక్షిణం వైపేనని జవాబు వచ్చింది. ఎదుటి గోడకు చెమ్మ ఉంది కాబట్టి అక్కడికి మార్చలేమనీ, కిటికీకి పరదా వేయిస్తామనీ ముసలాయన రాశాడు. వేయించారో లేదో తెలియదు. ఆయన చెక్క ఓడ గురించి అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయనే చెప్పకపోవడంతో నేనూ అడగలేదు.

అనుకున్నట్టు ఇంకో ఆర్డర్ రాలేదు. శేఠ్ వ్యాపారి. నాలుగు డిజైన్లు ఊరికే పడి ఉండటం అతనికి నచ్చలేదు. ఇక్కడి బజారుకు పరదాల బట్టగా వేద్దామన్నాడు. "ఓడ ఉండాలి, సింహం ఉండాలి. ఆ తాళ్లన్నీ తీసెయ్యి బెన్. మగ్గం వేగంగా నడవాలి." నేను తీసేశాను. రెండు గంటల పని. ఇంట్లో చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత మా గల్లీలోనే, ఒడియా కుటుంబం వాళ్ల కిటికీకి ఆ పరదా కనిపించింది. నాకంటే ముందు బాపు చూశాడు. నేను పని నుంచి వచ్చేసరికి వసారాలో కూర్చుని ఉన్నాడు.

"తాళ్లు నువ్వే తీసినవా?"

అవునన్నట్టు తలూపాను. నోటుబుక్కు తెచ్చి, "మగ్గం స్పీడు కోసం" అని రాశాను. ఆయన చదివాడు. అది కారణమేనన్నట్టు తలూపి, నోటుబుక్కు మూసి నాకిచ్చాడు. కోపం ఉందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. నాకు మాత్రం ఇంట్లోకి పోవాలనిపించలేదు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

అప్పుడే ఆ ఒడియా ఇంటామె బిందెతో బయటికొచ్చింది. బాపు లేచి వాళ్ల గడప దగ్గరికెళ్లి, పరదా వైపు చెయ్యి చూపించాడు. వినపడని మనిషి కదా, ఆయన గొంతు గల్లీ చివరిదాకా వినిపించింది. తనకొచ్చిన హిందీలో ఆమెకు చెప్తున్నాడు. ఇది జీలాండ్ అనే ఒక రాష్ట్రం ఓడ అనీ, ఒకే దేశానికి అయిదు ఫౌజులు ఉండేవనీ, కొట్లాట వస్తే ముందు వాళ్లలో వాళ్లే కొట్లాడుకునేవారనీ. ఆమె బిందె నడుముకు ఆనించుకుని, అర్థమైనట్టు తలూపుతూ వింటోంది. బాపు గాలిలో వేలితో గీస్తూ, తాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో ఆమెకు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు.